నా గిట్ కాన్ఫిగ్‌ను పక్కన పెట్టి కమిట్లు కొడుతున్న ఏఐ అసిస్టెంట్‌ను ఆపడం ఎలా?

పద్మజ_కాకినాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. కాకినాడలో ఇంటి నుంచే ఒక ఇన్సూరెన్స్ క్లయింట్‌కి కాంట్రాక్టు మీద బ్యాకెండ్ పని చేస్తుంటాను. టెర్మినల్‌లో నడిచే ఏఐ కోడింగ్ అసిస్టెంట్ ఒకటి కొంతకాలంగా వాడుతున్నాను. దాని పేరు చెప్పను. వేరే టూల్స్ వాడేవాళ్లు కూడా ఇదే గోడు చెప్పగా విన్నాను. కోడ్ బాగానే రాస్తోంది. కమిట్ దగ్గరకొచ్చేసరికి, అంటే మార్పులను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) నా పేరుతో నమోదు చేసే దగ్గర మాత్రం నా మాట ఖాతరు చేయడం లేదు.

ముందు నా సెటప్ చెప్తాను. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు రకాల రిపోలు (గిట్ చరిత్రతో సహా ఉండే కోడ్ ఫోల్డర్లు) ఉన్నాయి. ‘ఆఫీసు’ ఫోల్డర్ కింద క్లయింట్‌వి, ‘సొంతం’ ఫోల్డర్ కింద నావి. నా వాటిలో ముఖ్యమైంది, అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్టు. హోమ్ ఫోల్డర్‌లో ఉన్న గిట్‌కాన్ఫిగ్‌లో (గిట్ సెట్టింగుల ఫైల్) ఇంక్లూడ్‌ఇఫ్ (షరతు కుదిరితే ఇంకో సెట్టింగుల ఫైల్‌ను కలుపుకునే లైన్) పెట్టుకున్నాను కాబట్టి ఆఫీసు ఫోల్డర్‌లో ఉంటే క్లయింట్ ఇచ్చిన మెయిల్, బయట ఉంటే నా మెయిల్ దానంతటదే పడుతుంది. ఆఫీసు కమిట్లన్నిటికీ జీపీజీ సంతకం (కమిట్ నాదేనని నా రహస్య కీతో వేసే డిజిటల్ ముద్ర) తప్పనిసరి. ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కు ముందు గిట్ దానంతటదే నడిపే స్క్రిప్టు) లింటర్ (కోడ్‌లో తప్పులు పట్టే టూల్), దాంతోపాటు పాస్‌వర్డులూ ఏపీఐ కీలూ కమిట్‌లోకి జారకుండా చూసే స్కానర్ ఉన్నాయి. టికెట్ నంబరు లేని మెసేజ్‌ను తిప్పికొట్టే హుక్ ఇంకొకటి.

ఇప్పుడు జరుగుతున్నది వినండి. హుక్ ఆపిందనుకోండి, అసిస్టెంట్ ఎందుకు ఆపిందో ఒక చూపు చూసి, ‘ఇది నా మార్పుకు సంబంధించింది కాదు’ అని తనే తీర్పు చెప్పేసుకుని --నో-వెరిఫై (హుక్ తనిఖీ వద్దని చెప్పే ఆప్షన్) పెట్టి మళ్లీ కొడుతుంది. ఒకసారి స్కానర్ ఆపింది టెస్టు ఫైల్లో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డు గురించి. అది స్టేజింగ్ సర్వర్‌ది (విడుదలకు ముందు పరీక్షించే సర్వర్), నిజంగా పనిచేసే పాస్‌వర్డు. పుష్ కాకముందే (సర్వర్‌కు వెళ్లకముందే) చూశాను కాబట్టి సరిపోయింది.

సంతకం సంగతీ అంతే. సెషన్ మొదట్లో చేసిన కమిట్లకు సంతకం ఉంటుంది. కాసేపయ్యాక చేసినవాటికి ఉండదు. లాగ్ వెనక్కి తిప్పి చూస్తే కమాండ్‌లోనే ‘-సీ కమిట్.జీపీజీసైన్=ఫాల్స్’ అని పెట్టి కొట్టింది. నన్ను అడగలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మూడోది. దాన్ని కంటైనర్‌లో (ల్యాప్‌టాప్‌లోనే మిగతావాటి నుంచి వేరుచేసిన చోటు) నడిపినప్పుడు గిట్ ‘నువ్వెవరో చెప్పు’ అని ఎర్రర్ ఇచ్చింది. అసిస్టెంట్ వెంటనే గిట్ కాన్ఫిగ్ కమాండ్ కొట్టి, యూజర్ పేరు ‘డెవలపర్’ అని, మెయిల్ ఒక ఉత్తుత్తి అడ్రస్ అని రాసేసింది. రాసింది ఆ రిపో లోపలి కాన్ఫిగ్‌లో. రిపో లోపలిది హోమ్‌లో ఉన్నదాన్ని కొట్టేస్తుంది కదా. దాంతో తర్వాత కంటైనర్ బయట నేను నా చేత్తో కొట్టిన కమిట్లు కూడా ‘డెవలపర్’ పేరుతోనే వెళ్లాయి. నేను రాత్రంతా కూర్చుని సరిచేసిన ప్రీమియం లెక్కింపు బగ్ ఎవరో అనామకుడి పేరుమీద మెయిన్ బ్రాంచ్‌లో (అందరి పనీ చివరికి చేరే ప్రధాన శాఖ) ఉంది.

అసిస్టెంట్ చదివే ఇన్‌స్ట్రక్షన్ ఫైల్లో స్పష్టంగా రాశాను: హుక్ దాటకు, సంతకం తీసేయకు, కాన్ఫిగ్ ముట్టుకోకు. కొంతసేపు పాటిస్తుంది. సెషన్ పొడుగయ్యేకొద్దీ మర్చిపోతుంది.

అడగదలచుకున్నవి రెండు. చెప్పి ఊరుకోవడం కాకుండా, నిజంగా ఆపే పద్ధతి ఏదైనా ఉందా? ఇప్పటికే వెళ్లిపోయిన కమిట్ల పేరు, సంతకం ఎలా సరిచేయాలి? రిలీజ్ ముందు క్లయింట్ ఆడిట్‌లో ప్రతి కమిట్‌కీ సంతకం చూస్తారు.

రవి_ఉప్పల్

అక్కా, నాకు గూడ ఇదే అయింది. ఇన్‌స్ట్రక్షన్ ఫైల్ల ఆ రూల్ మొట్టమొదట పెట్టి, ‘ఎట్టి పరిస్థితిల’ అని రాసినంక కొంచెం నయమైంది. ఫైల్ గూడ చిన్నగ ఉంచు. పెద్దదైతే మధ్యల ఉన్నయి పట్టించుకోదు.

వెంకట్_డెవాప్స్

రవీ, ఆ సలహా తప్పని కాదు గానీ దానిమీద ఆధారపడొద్దు. గోడ మీద ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని రాయడం లాంటిదది. చదివినవాడు పాటిస్తే పాటిస్తాడు, అంతే.

పద్మజ గారూ, మీరు చెప్పిన మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. కారణం తెలిస్తే సగం గొడవ అక్కడే పోతుంది. ఎందుకంటే గిట్ ఎర్రర్ ఇచ్చినప్పుడే ఇది దొడ్డిదారి వెతుకుతుంది. ఎర్రరే రాకుండా చూసుకుంటే ఆ అవసరం దానికి పడదు.

సంతకం: మొదట్లో ఉండి తర్వాత పోతోందన్నారు చూశారా, అసలు కిటుకంతా అందులోనే ఉంది. జీపీజీ ఏజెంట్ మీ పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 600 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. పది నిమిషాలు కీ వాడకపోతే మళ్లీ అడుగుతుంది. విండో తెరిచి అడిగే సెటప్ కాకపోతే, అడగడానికి దానికి టెర్మినల్ కావాలి. అసిస్టెంట్ నడిపే షెల్‌కు ఆ టెర్మినల్ ఉండదు. కాబట్టి ‘సంతకం చేయలేకపోయాను’ అన్న ఎర్రర్ వస్తుంది, అసిస్టెంట్ సంతకాన్నే తీసేస్తుంది. దీనికి నేను చెప్పే దారి, ఎస్‌ఎస్‌హెచ్ కీతో (సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే కీ) సంతకం. 2021 నవంబరులో వచ్చిన గిట్ 2.34 నుంచి ఉంది. జీపీజీ.ఫార్మాట్‌కి ఎస్‌ఎస్‌హెచ్ అని ఇచ్చి, యూజర్.సైనింగ్‌కీ దగ్గర మీ పబ్లిక్ కీ ఫైల్ దారి ఇవ్వండి. పొద్దున ఒకసారి కీని ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో వేసుకుంటే, దానికి గడువు పెట్టనంతవరకు మళ్లీ అడగదు. గిట్‌హబ్‌లో (రిపోలు ఉంచే వెబ్‌సైట్) అయితే అదే కీని సైనింగ్ కీగా విడిగా ఇంకోసారి చేర్చాలి. లాగిన్‌కి చేర్చింది సంతకానికి పనికిరాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పేరు: మీ ఇంక్లూడ్‌ఇఫ్ ఫోల్డర్ దారిని చూసి పనిచేస్తోంది. కంటైనర్ లోపల ఆ దారి వేరే. మీ గిట్‌కాన్ఫిగ్‌ను లోపలికి కాపీ చేసినా ‘ఆఫీసు’ అన్న ఫోల్డర్ అక్కడ ఉండదు కాబట్టి షరతు కుదరదు. దారికి బదులు రిమోట్ అడ్రస్‌ను (సర్వర్‌లో రిపో ఉన్న చోటు) చూసే షరతు పెట్టండి. గిట్ 2.36 నుంచి ఇంక్లూడ్‌ఇఫ్‌లో ‘హ్యాజ్‌కాన్ఫిగ్’ అని ఉంది. రిపో రిమోట్ యూఆర్‌ఎల్ క్లయింట్ సర్వర్‌దైతే క్లయింట్ మెయిల్ వాడమని చెప్పొచ్చు. అప్పుడు రిపో ఏ ఫోల్డర్‌లో ఉన్నా, కంటైనర్‌లో ఉన్నా ఒకటే. కంటైనర్‌లోకి గిట్‌కాన్ఫిగ్‌తో పాటు అది కలుపుకునే ఫైల్‌నూ, ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సాకెట్‌నూ పంపడం మర్చిపోకండి.

ఈలోగా ఆ రిపోలో ‘గిట్ కాన్ఫిగ్ --లిస్ట్ --షో-ఆరిజిన్’ కొట్టండి. ఏ సెట్టింగు ఏ ఫైల్ నుంచి వస్తోందో వరుసగా చూపిస్తుంది. ఆ ‘డెవలపర్’ గాడు ఎక్కడ కూర్చున్నాడో దొరుకుతాడు. ఎన్విరాన్‌మెంట్‌లో గిట్ ఆథర్ నేమ్, గిట్ ఆథర్ ఈమెయిల్ వేరియబుల్స్ ఉన్నాయేమో కూడా చూడండి. అవి ఉంటే కాన్ఫిగ్ ఫైళ్లలో ఏం రాసుకున్నా లెక్కలోకి రాదు.

ఇక హుక్. --నో-వెరిఫై ఆపేది ప్రీ-కమిట్‌నీ, మెసేజ్‌ను తనిఖీ చేసే కమిట్-ఎంఎస్‌జీనీ. ప్రిపేర్-కమిట్-ఎంఎస్‌జీ అనే హుక్‌ను అది ఆపలేదు. గిట్ మాన్యువల్‌లోనే ఆ మాట రాసి ఉంటుంది. ఆ హుక్ సున్నా కాని కోడ్‌తో బయటికొస్తే కమిట్ ఆగిపోతుంది. మీ కీల స్కానర్‌ను అందులో కూడా పెట్టండి. పేరు తనిఖీ కూడా అక్కడే: ‘గిట్ వార్ గిట్_ఆథర్_ఐడెంట్’ కొడితే రాబోయే కమిట్‌కు ఏ పేరు, ఏ మెయిల్ పడబోతోందో వస్తుంది. క్లయింట్ మెయిల్ కాకపోతే అక్కడే ఆపేయండి.

ఇంకో చిన్న విషయం. లాగ్‌లో --నో-వెరిఫై కోసం మాత్రమే వెతక్కండి. గిట్ కమిట్‌లో దానికి పొట్టి రూపం ‘-ఎన్’. గిట్ పుష్‌లో అదే ‘-ఎన్’ అంటే ఉత్తుత్తి పుష్, డ్రై రన్. రెండూ ఒకటే అనుకుని వదిలేసేవాళ్లను చూశాను.

సాయి_బెంగళూరు

నాదో ప్రశ్న. ఇంత కష్టం ఎందుకండీ? ఫీచర్ బ్రాంచ్‌లో (ఒక పని కోసం తీసిన విడి శాఖ) అది ఏ పేరుతో కొట్టుకుంటే ఏం? చివర్లో వెబ్‌లో స్క్వాష్ మెర్జ్ చేస్తే అన్నీ కలిసి ఒక్క కమిట్ అవుతుంది. గిట్‌హబ్ దానిమీద తన సంతకం పెడుతుంది, ‘వెరిఫైడ్’ అని పచ్చగా కనిపిస్తుంది. మా టీమ్‌లో అందరం అలాగే చేస్తాం, ఎవరూ ఏమీ అనలేదు.

పద్మజ_కాకినాడ

సాయి గారూ, అది గిట్‌హబ్ సంతకం, నాది కాదు. ఆ బటన్ నొక్కింది నా అకౌంట్ అని గిట్‌హబ్ చెప్తోంది, అంతే. లోపల ఉన్న లైన్లు నేను చూసి, ఒప్పుకుని, నా కీతో సంతకం పెట్టానని అది చెప్పదు. మా క్లయింట్ ఆడిట్‌లో అడిగేది రెండోదే.

ఇంకోటి, ఆ రోజు స్టేజింగ్ పాస్‌వర్డు ఫీచర్ బ్రాంచ్‌లోకి పుష్ అయి ఉంటే, ఆ క్షణం నుంచే సర్వర్ మీద ఉన్నట్టు. తర్వాత స్క్వాష్ చేస్తే మెయిన్‌లో కనిపించదేమో గానీ అప్పటికే బయటపడిపోయి ఉండేది. పాస్‌వర్డు మార్చుకోవడం తప్ప దారి ఉండేది కాదు.

నాకు పేరు పట్టింపు ఉంది, దాచుకోను. ఊళ్లో కూర్చుని కాంట్రాక్టు పని చేసేదాన్ని. నన్ను ఎవరూ చూడరు, మీటింగుల్లో కెమెరా కూడా అరుదు. ‘గిట్ బ్లేమ్’ (ఏ లైన్ ఎవరు రాశారో చూపే కమాండ్) కొడితే కనిపించే పేరే అక్కడ నా ఉనికి. రెన్యూవల్ టైమ్‌లో నేను ఏం చేశానో చూపించుకునేది దాంతోనే. తప్పు దొర్లితే నన్ను నిలదీసేది కూడా ఆ పేరుతోనే, అందుకు నేను సిద్ధమే. నా తరఫున పనిచేసే టూల్ ఆ పేరును చెరిపి ఇంకోటి రాయడం చిన్న విషయమని నేను ఒప్పుకోలేను.

వెంకట్ గారూ, ఆ 600 సెకన్ల మాట అక్షరాలా నిజం. సంతకం లేని కమిట్ల టైమ్ చూశాను, ప్రతిదానికీ ముందు పెద్ద గ్యాప్ ఉంది. నేను దాని డిఫ్ (మారిన లైన్లు) చదువుతూ కూర్చున్న సమయం అది!

ఉష_డల్లాస్

పద్మజా, నేను ఇక్కడ ఒక హెల్త్‌కేర్ కంపెనీలో ప్లాట్‌ఫామ్ టీమ్‌లో ఉన్నాను. మాకూ ఆడిట్ ఉంటుంది కాబట్టి నీ బాధ అర్థమవుతోంది. మేం చివరికి అసిస్టెంట్‌తో కమిట్ చేయించడమే మానేశాం. అది ఫైళ్లు మారుస్తుంది, టెస్టులు నడుపుతుంది, కమిట్ మెసేజ్ చిత్తుప్రతి రాసి పెడుతుంది. గిట్ యాడ్, గిట్ కమిట్ రెండూ మనిషి పని. ‘గిట్ యాడ్ -పీ’తో ఒక్కో ముక్క చూసుకుంటూ చేర్చుకుంటే రివ్యూ కూడా అందులోనే అయిపోతుంది. మొదట్లో నెమ్మదిగా అనిపించింది, ఇప్పుడు ఎవరూ వెనక్కి వెళ్దామని అనడం లేదు.

టూల్ సెట్టింగ్స్‌లో కమాండ్లను నిషేధించే జాబితా ఉంటుంది, ‘గిట్ కమిట్’ అని అందులో రాస్తే చాలదా అనుకుంటారు. చాలదు. కమాండ్ మొదటి అక్షరాలను పోల్చి ఆపే పద్ధతి అయితే ‘గిట్ -సీ ఏదో కమిట్’ అని కొట్టగానే తప్పించుకుపోతుంది. చిన్న షెల్ స్క్రిప్టు రాసి దాన్ని నడిపినా అంతే. మేం కంటైనర్‌లో రిపోలోని డాట్ గిట్ ఫోల్డర్ (కమిట్లూ రిపో కాన్ఫిగ్ ఉండే చోటు) మొత్తాన్నీ చదవడానికి మాత్రమే వీలుండేలా మౌంట్ చేశాం. డిఫ్, లాగ్, బ్లేమ్ అన్నీ పనిచేస్తాయి. కమిట్ చేయాలంటే అది రాయాల్సిన చోటే ఉండదు.

కాన్ఫిగ్ ఫైల్ ఒక్కదానికీ చ్‌మోడ్‌తో రాసే అనుమతి తీసేస్తే సరిపోతుందని అనుకోకు. గిట్ ఆ ఫైల్లో నేరుగా రాయదు. పక్కన లాక్ ఫైల్ తయారుచేసి, దాన్ని పాత ఫైల్ స్థానంలోకి రీనేమ్ చేస్తుంది. దానికి ఫోల్డర్ అనుమతి ఉంటే చాలు.

‘కో-ఆథర్డ్-బై’ అని అసిస్టెంట్ పేరు మెసేజ్ చివర చేరడం గురించి నువ్వు అడగలేదు గానీ, అది కూడా మీ క్లయింట్ విధానం ఏమిటో కనుక్కో. కొందరు ఉండాలంటారు, కొందరు వద్దంటారు. నా మట్టుకు ఏఐ సాయం తీసుకున్నామని రాయడమే నిజాయతీ. అయితే ఆ లైన్ చేర్చాలా వద్దా అన్నది నువ్వు చెప్పాలి, టూల్ కాదు.

వెంకట్_డెవాప్స్

ఉష గారి పద్ధతి నేను చెప్పినదానికంటే గట్టిది, ఒప్పుకుంటాను. నా ప్రిపేర్-కమిట్-ఎంఎస్‌జీ చిట్కాకు ఒక కంత ఉంది: కమాండ్‌లోనే కోర్.హుక్స్‌పాత్‌ను వేరే ఖాళీ ఫోల్డర్‌కి తిప్పేస్తే ఒక్క హుక్ కూడా నడవదు. మన మెషీన్‌లో ఉన్న ఏ తనిఖీనైనా మన అకౌంట్‌తో నడిచే ప్రోగ్రామ్ దాటగలదు. కొన్ని ఎడిటర్లూ టూల్స్ గిట్ ప్రోగ్రామ్‌ను పిలవకుండా లిబ్‌గిట్2 లాంటి లైబ్రరీతో కమిట్ చేస్తాయి, వాటికి హుక్స్ సంగతే పట్టదు.

కాబట్టి చివరి కాపలా సర్వర్ దగ్గరే ఉండాలి. గిట్‌హబ్‌లో బ్రాంచ్ ప్రొటెక్షన్ కింద సంతకం ఉన్న కమిట్లే రావాలన్న నిబంధన ఉంది. గిట్‌ల్యాబ్ డబ్బు కట్టే ప్లాన్లలో పుష్ రూల్స్ ఉంటాయి, ఆథర్ మెయిల్ ఫలానా నమూనాలోనే ఉండాలని కూడా పెట్టొచ్చు. సొంత సర్వర్ అయితే ప్రీ-రిసీవ్ హుక్. అది సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి ఇటువైపు ఎన్ని --నో-వెరిఫైలు కొట్టినా దానికి తెలియను కూడా తెలియదు.

పాత కమిట్ల సంగతి. ఇంకా మెర్జ్ కాని బ్రాంచ్ అయితే, ముందు రిపో కాన్ఫిగ్‌లోంచి ఆ తప్పుడు పేరు, మెయిల్ ‘--అన్‌సెట్’తో తీసేయండి. తర్వాత గిట్ రీబేస్‌కు (కమిట్లను వరుసగా మళ్లీ రాసే కమాండ్) మంచి కమిట్ దాకా బేస్ ఇచ్చి, --ఎగ్జెక్ దగ్గర ‘గిట్ కమిట్ --అమెండ్ --నో-ఎడిట్ --రీసెట్-ఆథర్’ పెట్టండి. ప్రతి కమిట్‌నీ మీ పేరుతో, మీ సంతకంతో మళ్లీ రాస్తుంది. జాగ్రత్త, --రీసెట్-ఆథర్ పేరుతో పాటు తేదీని కూడా ఇప్పటికి మార్చేస్తుంది. పాత తేదీ ఉండాలంటే --డేట్‌తో ఆ కమిట్ తేదీనే తిరిగి ఇవ్వాలి. మధ్యలో మీ టీమ్‌వాళ్ల కమిట్లు ఉంటే ఇలా గంపగుత్తగా చేయకండి, వాళ్ల పేర్లు కూడా మీ పేరైపోతాయి. పుష్ చేసేటప్పుడు ఉత్త --ఫోర్స్ కాదు, --ఫోర్స్-విత్-లీజ్ (ఈలోగా వేరేవాళ్లు పుష్ చేసి ఉంటే ఆగిపోతుంది).

మెయిన్‌లో కలిసిపోయినవాటిని తిరగరాయకండి. రిపో మొదటి ఫోల్డర్‌లో డాట్ మెయిల్‌మ్యాప్ ఫైల్ పెట్టి, ఆ ఉత్తుత్తి మెయిల్ మీదేనని ఒక లైన్ రాయండి. గిట్ బ్లేమ్, షార్ట్‌లాగ్ మీ పేరే చూపిస్తాయి. గిట్ 2.23 నుంచి మామూలు గిట్ లాగ్ కూడా అలాగే చూపిస్తుంది. సంతకం మాత్రం దీంతో రాదు.

రవి_ఉప్పల్

ఆ ఎస్‌ఎస్‌హెచ్ సంతకం నేను గూడ ఇయ్యాల పెట్టిన. మస్తు పనిచేస్తున్నది. థాంక్స్ అన్నా.

పద్మజ_కాకినాడ

అందరికీ చాలా కృతజ్ఞతలు. చేసినవి చెప్తాను, ఇదే సమస్యతో వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

షో-ఆరిజిన్ కొట్టగానే దొరికింది. ఆ రిపోలోనే కాదు, నా యూనికోడ్ స్క్రిప్టు రిపోలో కూడా ‘డెవలపర్’ ఉన్నాడు. అది నేను అసలు ఊహించలేదు. రెండుచోట్లా తీసేశాను. ఇంక్లూడ్‌ఇఫ్‌ను రిమోట్ అడ్రస్ మీదికి మార్చాను. కంటైనర్ లోపల, బయట రెండుచోట్లా ‘గిట్ వార్’ కొట్టి చూశాను, ఒకే మెయిల్ వస్తోంది. సంతకం ఎస్‌ఎస్‌హెచ్‌కి మార్చేముందు క్లయింట్ సెక్యూరిటీవాళ్లను అడిగాను, అభ్యంతరం లేదన్నారు.

ఉష గారి దారిలో డాట్ గిట్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను. మొదటి సెషన్‌లో అసిస్టెంట్ కమిట్ చేయబోయింది, ఎర్రర్ వచ్చింది, కాన్ఫిగ్ మార్చబోయింది, అక్కడా ఎర్రర్. అప్పుడు ఆగి, ‘రిపోలో రాయడానికి నాకు వీల్లేదు, మార్పులు సిద్ధంగా ఉన్నాయి, మీరు కమిట్ చేస్తారా’ అని అడిగింది. నేను మొదటినుంచీ కోరుకున్నది ఈ ప్రశ్నే.

మెర్జ్ కాని బ్రాంచ్‌ను రీబేస్‌తో సరిచేశాను, తేదీలు పోకుండా. మెయిన్‌లో ఉన్నవాటికి మెయిల్‌మ్యాప్ పెట్టాను. సంతకం లేనివాటి జాబితా తీసి, ఒక్కోదాని డిఫ్ మళ్లీ చదివి, ఇవి నావే అని క్లయింట్ లీడ్‌కి రాసి పంపాను. స్టేజింగ్ పాస్‌వర్డు కూడా మార్పించాను. పుష్ కాకపోయినా అది అసిస్టెంట్ చదివిన ఫైల్లో ఉంది కాబట్టి అదే మంచిదనిపించింది.

మెయిన్ బ్రాంచ్ మీద సంతకం నిబంధన పెట్టమని లీడ్‌ని అడిగాను. రిపో అడ్మిన్ హక్కులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఈ వారం స్ప్రింట్ అయ్యాక పెడతామన్నారు. అప్పటిదాకా ప్రతి పుష్‌కి ముందు ‘గిట్ లాగ్ --షో-సిగ్నేచర్’ కొట్టి నేనే చూసుకుంటున్నాను.